మర్టిల్ బీచ్‌కి ఫ్యామిలీతో వెళ్తూ గోల్ఫ్ కూడా ఆడాలంటే ఏ కోర్సులు ఎంచుకోవాలి?

ప్రశ్న టూకీగా ఇదీ. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, గోల్ఫ్ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మెరుగు) 20 దగ్గర, డ్రైవర్ అనే పొడవాటి క్లబ్‌తో కొడితే 200 గజాలు పోతుంది. జూలైలో అమెరికాలోని నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడి నుంచి అందరూ కలిసి పక్క రాష్ట్రం సౌత్ కరోలినా తీరంలోని మర్టిల్ బీచ్‌లో వారం రోజులకి ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారు. మెంబర్‌షిప్ లేకుండా ఆడనిస్తారా, సముద్రం పక్కనే ఉండే కోర్సులు ఏవి, వారంలో ఎన్ని రౌండ్లు (ఒక రౌండ్ అంటే 18 హోల్స్, అంటే బంతిని గుంటలో వేసే 18 ఘట్టాలు) పెట్టుకోవచ్చు అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆడనిస్తారండీ, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, డబ్బు కట్టి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసుకుంటే చాలు. వారంలో మూడు రౌండ్లకి మించి పెట్టుకోకండి. రెండు మీ ఇంటి నుంచి 20 నిమిషాల్లోపు ఉన్న కోర్సుల్లో, ఒక్కటి మాత్రం కాస్త దూరమైనా దక్షిణాన పాలీస్ ఐలాండ్‌లో ఉన్న కాలెడోనియాలో. మూడింటికీ పొద్దున ఏడున్నర లోపు టీ టైమ్ తీసుకోండి. సముద్రం కనిపించాలన్న షరతు మాత్రం వదిలేయండి, దాని వల్ల మంచి కోర్సులు చేజారిపోతాయి. ఎందుకో కింద చెప్తాను.

మా అమ్మాయి వాళ్లు రాలీలో ఉంటారు కాబట్టి వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడల్లా ఫ్యామిలీతో ఆ తీరానికి వెళ్లడం మాకు అలవాటు. అందుకే ఇక్కడ చెప్పేదంతా వేసవికి, కుటుంబంతో వెళ్లేవాళ్లకి. ఎనిమిది మంది స్నేహితులు కలిసి ఏప్రిల్‌లో రోజుకి రెండు రౌండ్లు ఆడటానికి వెళ్తే ఆ లెక్కలే వేరు.

పబ్లిక్ అంటే ఏమిటో ముందు చూద్దాం, ఎందుకంటే మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లకి మొదటి అనుమానం ఇక్కడే వస్తుంది. గోల్కొండలో నయాఖిలా పక్కన ఆడాలన్నా, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్‌లో ఆడాలన్నా తెలిసిన మెంబర్ ఎవరున్నారా అని వెతుక్కోవడం మనకి అలవాటు. అక్కడ లిటిల్ రివర్ నుంచి జార్జ్‌టౌన్ దాకా సుమారు 60 మైళ్ల తీరాన్ని గ్రాండ్ స్ట్రాండ్ అంటారు. ఆ ఒక్క తీరం మీదే 80 చుట్టుపక్కల కోర్సులున్నాయి, ఒకప్పుడు వంద దాటి ఉండేవి. వీటిలో ఎక్కువ భాగం డైలీ ఫీ కోర్సులు, అంటే ఆ రోజు గ్రీన్ ఫీ (ఒక రౌండ్ ఆడే రుసుము) కట్టిన ఎవరైనా ఆడొచ్చు. కొన్ని సెమీ ప్రైవేట్, వాటికి మెంబర్లుంటారు కానీ బయటివాళ్లకీ టీ టైమ్‌లు ఇస్తారు. పూర్తిగా ప్రైవేట్ అనేవి చాలా తక్కువ. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపించమని సాధారణంగా అడగరు. ఒంటరిగా వెళ్లినా ఇబ్బంది లేదు, వేరే ముగ్గురితో కలిపేస్తారు. మొదటిసారి బెరుకుగా ఉండొచ్చు కానీ రెండో హోల్‌కి వచ్చేసరికి అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఉంటారు. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం.

ఇక సముద్రం సంగతి. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలి తగులుతూ ఆడినవాళ్లు బీచ్ ఊరంటే కోర్సంతా అలల పక్కనే ఉంటుందనుకుంటారు. మర్టిల్ బీచ్‌లో అలల పక్క స్థలమంతా హోటళ్లూ, అద్దె ఇళ్లే. కోర్సులు ఎక్కువగా దానికి వెనక, ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అని తీరానికి సమాంతరంగా సాగే జలమార్గం చుట్టుపక్కలా, దాని అవతలా ఉంటాయి. ఆ ప్రాంతంలో దాన్ని తవ్వడం 1936లో పూర్తయింది. అందుకని మీకు కనిపించేది ఈ కాలవా, దాని మీద పోయే పడవలూ, ఉప్పునీటి చిత్తడి నేలలూ. నిజం చెప్పాలంటే అది సముద్రం కంటే తక్కువ అందమేమీ కాదు. సముద్రం ఒడ్డునే క్లబ్‌హౌస్ ఉన్న పాత కోర్సు డ్యూన్స్ గోల్ఫ్ అండ్ బీచ్ క్లబ్. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ డిజైన్, 2024 నుంచి ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ వాళ్ల మర్టిల్ బీచ్ క్లాసిక్ జరిగేది అక్కడే. కానీ అది మెంబర్ల క్లబ్. బయటివాళ్లకి కొన్ని హోటళ్లలో దిగినప్పుడో, ప్యాకేజీల ద్వారానో దారి దొరుకుతుంది. మీరు అద్దె ఇంట్లో ఉంటారు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నిజంగా సముద్రం ఒడ్డునే ఆడాలన్న పట్టుదల ఉంటే చార్ల్స్‌టన్ దగ్గర కియావా ఐలాండ్‌లో ఓషన్ కోర్స్ ఉంది, 2021లో ఫిల్ మికెల్సన్ 50 ఏళ్ల వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచిన చోటు. అది రిసార్ట్ కోర్సు, బయటివాళ్లనీ ఆడనిస్తారు, కానీ ఖరీదు చాలా ఎక్కువ, మర్టిల్ బీచ్ నుంచి దాదాపు మూడు గంటల డ్రైవ్. 20 హ్యాండిక్యాప్‌కి, ఆ గాలిలో, అది సుఖంగా ఉండదు. ఈ ట్రిప్‌లో వద్దనే నా సలహా.

కోర్సు పేరు కంటే ముందు మీ ఇల్లు ఎక్కడో చూడండి. అందరూ మర్టిల్ బీచ్ అనే అంటారు కానీ ఇల్లు నార్త్ మర్టిల్ బీచ్‌లో చెర్రీ గ్రోవ్ దగ్గర ఉండొచ్చు, కిందన సర్ఫ్‌సైడ్‌లోనో గార్డెన్ సిటీలోనో ఉండొచ్చు. జూలైలో ఆ ఊళ్ల మధ్య హైవే 17 మీద ప్రయాణమంటే సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కినట్టే. మ్యాప్‌లో పది మైళ్లు అని చూసి పావుగంట అనుకోకండి. తీరానికి కాస్త లోపలగా 31 నంబరు రోడ్డు ఉంది, టోల్ లేదు, ఉత్తరం నుంచి దక్షిణానికి పోవడానికి అదే మేలు. ఇంకోటి, అద్దె ఇళ్లలో చాలావాటికి శనివారం నుంచి శనివారం లెక్క. ఆ రోజు ఊళ్లోకి వచ్చే 501 రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. అబ్బాయి సెలవు కలిసొస్తుందని శనివారం దిగగానే మధ్యాహ్నం రౌండ్ బుక్ చేయబోతాడు, చేయనివ్వకండి. షార్లెట్ నుంచి మామూలుగానే మూడున్నర గంటల పైన పడుతుంది, ఆ రోజు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఇల్లున్న చోటుని బట్టి ఏవి చూడాలో చెప్తాను.

ఉత్తరాన ఉంటే బేర్‌ఫుట్ రిసార్ట్‌లో నాలుగు కోర్సులున్నాయి. డేవిస్ లవ్, గ్రెగ్ నార్మన్, టామ్ ఫాజియో, పీట్ డై, నలుగురు డిజైనర్లవీ తలా ఒకటి, అన్నీ 2000లో తెరిచారు. మీకు లవ్ కోర్సు సరిపోతుంది, ఫెయిర్‌వేలు (బంతి కొట్టే గడ్డి బాటలు) వెడల్పు, మధ్యలో పాత భవనం శిథిలాల్లా కట్టిన ఇటుక గోడల పక్క నుంచి ఆడతారు, చూడ్డానికి బాగుంటుంది. నార్మన్‌లో కొన్ని హోల్స్ వాటర్‌వే అంచునే వెళ్తాయి. డై కోర్సు కష్టం, దాన్ని వదిలేయండి. చెర్రీ గ్రోవ్ వైపు టైడ్‌వాటర్ ఉంది, ఒకవైపు చిత్తడి నేల, ఇంకోవైపు వాటర్‌వే, ఆ తీరంలో చూడ్డానికి అంత బాగుండే కోర్సులు కొన్నే. కానీ బంతి వంకర పోయిందంటే దొరకదు. మీ డ్రైవ్ కుడివైపుకి తిరిగే అలవాటుంటే రెండు డజన్ల పాత బంతులు పట్టుకెళ్లండి, కొత్తవి వద్దు.

ఊరి మధ్యలో ఉంటే మొదటి రౌండ్ పైన్ లేక్స్‌లో పెట్టుకోండి. 1927 నాటిది, ఆ ఊళ్లో మొదటి కోర్సు, అందరూ గ్రాండ్‌డాడీ అంటారు. డిజైన్ చేసిన రాబర్ట్ వైట్ స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ మనిషి, అమెరికా పీజీఏకి, అంటే ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘానికి, మొదటి అధ్యక్షుడు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆలోచన రూపుదిద్దుకున్నది కూడా ఆ క్లబ్‌హౌస్‌లోనే. పెద్ద పొడవూ కాదు, భయపెట్టే నీళ్లూ లేవు. విమానం అలసట తీరాక ఒళ్లు కుదురుకోవడానికి ఇలాంటిదే కావాలి. గ్రాండ్ డ్యూన్స్ ఇంకాస్త ఖరీదు, వాటర్‌వే పైన గట్టు మీద కొన్ని హోల్స్ చాలా బాగుంటాయి. కింగ్స్ నార్త్ ఆర్నాల్డ్ పామర్ డిజైన్. ఆరో హోల్ పార్ 5 (ఐదు దెబ్బల్లో ముగించాల్సినది), పేరే గ్యాంబ్లర్, నీళ్ల మధ్య దీవిలా ఉన్న ఫెయిర్‌వే మీదకి కొడితే దగ్గరిదారి, లేకపోతే చుట్టూ తిరగాలి. చివరి హోల్లో 40కి పైగా బంకర్లు (ఇసుక గుంటలు). పిల్లలకి ఫోటోలు చూపించుకోవడానికి బాగుంటుంది, స్కోరుకి కాదు.

దక్షిణాన ఉంటే మరల్స్ ఇన్‌లెట్‌లో బ్లాక్‌మూర్ ఉంది, గ్యారీ ప్లేయర్ డిజైన్, ధరా ఆటా రెండూ మధ్యస్థం. టీపీసీ మర్టిల్ బీచ్ అనే కోర్సు కూడా ఆ వైపే, టామ్ ఫాజియోది, పేరున్న గోల్ఫర్ డస్టిన్ జాన్సన్ పేరుతో గోల్ఫ్ స్కూల్ ఉన్నది అక్కడే. పొడవెక్కువ, మీకైతే ముందు టీల (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోట్లలో దగ్గరివి) నుంచే.

కాలెడోనియా గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీరు ఎక్కడ దిగినా అక్కడికి వెళ్లాల్సిందే అని నా గట్టి నమ్మకం. మైక్ స్ట్రాంట్జ్ 1994లో చేసిన కోర్సు, ఆయన సొంతంగా చేసిన వాటిలో మొదటిది. పార్ 70, వెనక టీల నుంచి కూడా 6,500 గజాలే. అంటే మీలాంటి, నాలాంటి ఆటగాళ్లని బలంతో కాకుండా ఆలోచనతో ఆడించే కోర్సు. లోపలికి వెళ్లే దారికి రెండు వైపులా వందల ఏళ్ల ఓక్ చెట్లు, కొమ్మల నుంచి బూడిద రంగు నాచు జడల్లా వేలాడుతూ ఉంటుంది. అది ఒకప్పటి వరి ఎస్టేట్. అమెరికా అంతర్యుద్ధానికి ముందు ఆ దేశపు వరిలో పెద్ద భాగం ఈ జార్జ్‌టౌన్ ప్రాంతం నుంచే వచ్చేది, ఆ మళ్లు కట్టింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. క్లబ్‌హౌస్ వెనక పాత వరి మళ్ల జాడ ఇంకా కనిపిస్తుంది. మనలాంటి వరి దేశం నుంచి వెళ్లినవాళ్లు ఒక పది నిమిషాలు అక్కడ నిలబడి చూడాలి. గోల్ఫ్ ఆడని మీ ఇంటావిడ కూడా క్లబ్‌హౌస్ వరండాలో కూర్చుంటే, చివరి హోల్‌కి వచ్చేవాళ్లు నీళ్ల మీదుగా గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) మీదకి కొట్టడం ఎదురుగానే కనిపిస్తుంది. అదే డిజైనర్ చేసిన ట్రూ బ్లూ కూడా పక్కనే, 1998ది. అక్కడ ఫెయిర్‌వేలు వెడల్పే గానీ ఇసుక మేటలు విపరీతం. రెండిట్లో ఒక్కటే అంటే కాలెడోనియా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. జూలైలో వెళ్లేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది దీని వల్లే. బుక్ చేసేముందు ఫోన్ చేసి గ్రీన్లకి పంచింగ్ ఎప్పుడు చేశారో, మళ్లీ ఎప్పుడు చేస్తారో అడగండి. జనం నడిచి నడిచి గ్రీన్ కింద మట్టి గట్టిపడుతుంది, పైన చచ్చిన గడ్డి పొరలా పేరుకుంటుంది, నీళ్లు దిగవు, వేళ్లకి గాలి అందదు. అందుకని గ్రీన్ అంతా చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, మట్టి తీసేసి, ఇసుక నింపుతారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గ్రీన్లు చాలావరకు బెర్ముడా గడ్డివే, మన దక్షిణాదిలో లాగే. ఆ గడ్డి ఎండల్లో బాగా పెరుగుతుంది కాబట్టి గాయం త్వరగా మానాలని ఈ పని వేసవిలోనే పెట్టుకుంటారు, మీరు వెళ్లే నెలల్లోనే అన్నమాట. చేసిన తర్వాత పది రోజుల నుంచి రెండు వారాల దాకా బంతి ఎగురుకుంటూ, పక్కకి తిరుగుతూ పోతుంది. గోల్కొండలో నాతో ఆడే మిత్రుడొకరు ఆ ఊళ్లో ఒక పేరున్న కోర్సుకి చాలా డబ్బు కట్టి వెళ్లారు. మొదటి గ్రీన్ మీద అడుగు పెట్టేదాకా ఇసుక సంగతి ఎవరూ చెప్పలేదు, అడిగితే కౌంటర్‌లో అబ్బాయి డిస్కౌంట్ ఇప్పటికే ధరలో కలిసి ఉందన్నాడు. ఆన్‌లైన్‌లో పక్క కోర్సుల కంటే ధర ఒక్కసారిగా తక్కువ కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. ఫోన్‌లో అడిగితే మాత్రం నిజం చెప్తారు, తేదీలతో సహా.

రెండో జాగ్రత్త టీలు. మగవాళ్లం కదా అని మధ్య టీల నుంచి మొదలుపెట్టి 6,400 గజాలు ఆడితే ప్రతి పార్ 4 మీద రెండో షాట్‌కి ఫెయిర్‌వే వుడ్డే (దూరం కొట్టే పెద్ద క్లబ్) తీయాల్సి వస్తుంది, పదో హోల్‌కి ఉత్సాహం పోతుంది. అమెరికా పీజీఏ, అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ కలిసి 2011లో పెట్టిన లెక్క ఒకటుంది, డ్రైవ్ 200 గజాలైతే కోర్సు మొత్తం 5,200 నుంచి 5,400 గజాలుండాలి, 225 అయితే 5,800 నుంచి 6,000. మీరు మొదటి వరసలో ఉన్నారు. టీల రంగు చూడకండి, ఒక్కో చోట ఒక్కో రంగు. స్కోర్‌కార్డు మీద మొత్తం గజాలూ, స్లోపూ (ఆ టీలు మామూలు ఆటగాడికి ఎంత కష్టమో చెప్పే అంకె) చూడండి. స్లోప్ 113 అంటే సగటు, 155 గరిష్ఠం. సెలవులో 125 దాటని టీలు ఎంచుకుంటే హాయిగా ఉంటుంది.

పొద్దున్నే ఎందుకంటే మూడు కారణాలు. ఎండ మన మే నెలంత పొడి ఎండ కాదు, చెమట ఆరని ఉక్కపోత, మచిలీపట్నం ఉక్కలాంటిది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన దాదాపు రోజూ వచ్చే అవకాశం ఉంటుంది. మెరుపు కనిపిస్తే సైరన్ మోగించి అందరినీ వెనక్కి పిలుస్తారు, ఆ సైరన్ విన్నాక ఒక్క పట్ (గ్రీన్ మీద కొట్టే చిన్న దెబ్బ) కూడా కొట్టకండి. అలా ఆగిపోతే మిగిలిన హోల్స్‌కి రెయిన్ చెక్ (తర్వాత వచ్చి ఆడుకునే చీటీ) ఇస్తారా అని ముందే కనుక్కోండి. ఇక మూడోది ఇంట్లోవాళ్లు. ఏడింటికి మొదలుపెడితే పదకొండున్నర, పన్నెండుకి ఇంట్లో ఉంటారు. పిల్లలు బీచ్ నుంచి వచ్చి ఆకలని కూర్చునే టైమ్ అదే. రోజులో మిగతాదంతా వాళ్లదే. మధ్యాహ్నం రెండు దాటాక ట్వైలైట్ ధరలు చవక నిజమే, కానీ వానకి రౌండ్ సగంలో పోయే ప్రమాదం, సాయంత్రం భోజనాలకి అందరూ మీకోసం ఎదురుచూడటం, రెండూ కలిసొస్తాయి.

ఖర్చు విషయంలో వేసవి మనకి అనుకూలం. గోల్ఫ్ కోసమే వచ్చేవాళ్లు మార్చి, ఏప్రిల్, అక్టోబరుల్లో వస్తారు, అప్పుడు కాలెడోనియా లాంటిది 200 డాలర్లు దాటుతుంది. జూలైలో మధ్యరకం కోర్సులు చాలావరకు వంద డాలర్ల లోపే దొరుకుతాయి, కార్ట్ సాధారణంగా అందులోనే కలిపి ఉంటుంది. విమానం టిక్కెట్లలాగే గంట గంటకీ ధర మారుతుంది కాబట్టి కోర్సు సొంత సైట్‌లోనూ, టీ టైమ్ యాప్‌లోనూ రెండుచోట్లా చూడండి. శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధ, గురు తీసుకోండి.

బ్యాగ్ మోసి సాయం చేసే కేడీ ఉండడు. మనకిది పెద్ద మార్పు. బంతి వెతకడం, గ్రీన్ చదవడం, దూరం చెప్పడం అన్నీ మనమే. కార్ట్‌లో ఇసుక సీసా ఉంటుంది, గడ్డి లేచిన చోట పోయాలి. బంకర్ మనమే రేక్ చేయాలి, గ్రీన్ మీద బంతి గుంట మనమే సరిచేయాలి. ఇవి చేయకపోతే ఎవరూ పైకి అనరు కానీ వెనక వచ్చేవాళ్లకి అన్యాయం. కాలర్ ఉన్న టీషర్టు వేసుకోండి, జీన్స్ వద్దు. క్లబ్బులు ఇక్కడి నుంచి మోసుకెళ్లొద్దు, మూడు రౌండ్లకి అద్దెవి చాలు, ఎడమచేతి వాటమైతే మాత్రం ముందే చెప్పి పెట్టుకోండి. మీ గ్లవ్స్, షూస్ పట్టుకెళ్లండి.

చెరువుల్లో మొసళ్లుంటాయి. మొసలికి దగ్గరి జాతి ఆలిగేటర్లవి, గట్టు మీద ఎండ కాగుతూ కదలకుండా పడుకుంటాయి. నీటి అంచున పడ్డ బంతిని వదిలేయండి, వాటికి తిండి వేయడం ఆ రాష్ట్రంలో చట్టవిరుద్ధం కూడా. అబ్బాయి మనవణ్ణి కార్ట్‌లో కూర్చోబెట్టుకుని వస్తానంటే వయసు పరిమితి ఏమిటో కోర్సువాళ్లని అడగండి, చిన్నపిల్లల్ని చాలాచోట్ల రానివ్వరు. మనవలతో ఆడాలనుంటే ఆ ఊరు మినీ గోల్ఫ్‌కి పెట్టింది పేరు. నార్త్ మర్టిల్ బీచ్‌లో హవాయియన్ రంబుల్ అని నకిలీ అగ్నిపర్వతం ఉన్నది ఒకటుంది, అమెరికా మినీ గోల్ఫ్ మాస్టర్స్ పోటీ జరిగేది కూడా అక్కడే. ఒక సాయంత్రం అందరూ కలిసి అక్కడికి వెళ్లండి.

ఇల్లు ఏ వైపు ఖాయమైందో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి ఆ రెండు దగ్గరి కోర్సులు ఏవో, ఏ టీల నుంచి ఆడాలో విడిగా చెప్తాను. కాలెడోనియా మాత్రం ఇల్లు తేలేదాకా ఆగకుండా ఇప్పుడే బుక్ చేయించండి, పొద్దున స్లాట్లు అక్కడ ముందుగా అయిపోతాయి.